పదకొండో క్రాస్, ఏ స్టేజి?

నలభై రెండు, పదకొండో క్రాస్, బనశంకరి.
చీటీ మీద అంతే ఉంది. ఏ స్టేజో రాయలేదు.
పార్సిలబ్బాయి వానలో తడుస్తూ ఇచ్చిపోయాడు,
నేను పేరు చూడకుండా కత్తెర పెట్టాను.

లోపల జిప్పులు.
ఇత్తడి పళ్ళవి, డజన్లు డజన్లు,
నల్లవి, గోధుమవి, ఒకే ఒక్క ఎర్రది.

నా ఉద్యోగం చెబితే మా అక్క నవ్వుతుంది.
కెర్నెల్లో కూర్చుని
బయటినుంచి వచ్చే అంకెల్ని అనుమానించడం.
ప్రోగ్రాము ఒక చిరునామా చేతిలో పెడుతుంది,
"అక్కడుంది నా డేటా, తెచ్చుకో" అంటుంది.
నేరుగా వెళ్ళకూడదు.
అదే అంకె మా వైపు ఇంకేదో గది కావచ్చు,
గదే లేకపోవచ్చు,
ఎవరో కావాలనే మా బీరువా నంబరు రాసిచ్చి ఉండొచ్చు.
అందుకే గుమ్మంలో ఒక మోతగాణ్ణి పెట్టుకున్నాం.
హద్దు చూసుకుని వెళ్తాడు,
ఉన్నంత మేర మోసుకొస్తాడు,
మిగిలిపోయింది ఎంతో చెబుతాడు.

అలాంటి పాయింటరు పక్కన చిన్న మాట రాస్తాం,
యూజర్ అని.
కంపైలరుకి ఆ మాట వినబడదు,
దానికి అన్నీ అరవైనాలుగు బిట్లే.
వినేవాడు ఇంకొకడున్నాడు, చెకరు.
ఒక్క ఇన్‌స్ట్రక్షనూ రాయడు, ఏదీ నడపడు,
పెళ్ళి వంటలో చెయ్యి పెట్టకుండా
ఉప్పు చాల్లేదనే మేనత్త లాగా
"ఇది వేరే జాగా" అంటాడు.
అని ఊరుకుంటాడు. బిల్డు ఆగదు.

మూడేళ్ళ కింద నాతోనూ అన్నాడు.
రాత్రి పదకొండున్నర, తెల్లారితే రిలీజు.
ఫోర్స్ అని రాసి కాస్టు కొట్టాను.
తెలుగులో చెప్పాలంటే:
నాకు తెలుసు, నువ్వు నోరుమూసుకో.
మూసుకున్నాడు.
నా బల్లమీది పాత మెషీన్లో నడిచింది కూడా,
అది ఎవరు ఏ గడప తోసుకుపోయినా పట్టించుకోని రకం.
హోసూరు రోడ్డులో కస్టమరు బోర్డు అలాంటిది కాదు.
మొదటి పిలుపుకే కుప్పకూలింది.
కుసుమాకర్ గారు ఆ లైను తెరమీద పెట్టి
ఏమీ అనలేదు. నీళ్ళు తాగారు.

అప్పట్నుంచి ఫోర్స్ కనబడ్డ ప్రతిచోటా ఆగుతాను.
అయినా చెకరు కన్నుకీ ఆననివి ఉంటాయి.
పాయింటరు వట్టి అంకె వేషం కట్టి
స్ట్రక్చరు నడుమ కూర్చుంటుంది,
పైపెట్టెను పద్ధతిగా కాపీ చేసుకొచ్చి
లోపలి చీటీని నమ్మేస్తాం.
ఎన్ని నమ్మానో
నాకే తెలియదు.

వాన తెరిపిచ్చాక జిప్పులు సంచిలో వేసుకుని
మూడో స్టేజికి నడిచాను.
అక్కడా పదకొండో క్రాసు. అక్కడా నలభై రెండు.
మెట్లకింద కుట్టుమిషను, దాని వెనక గవిసిద్ధప్ప.
చింపిన అట్టపెట్టె చూశాడు, తర్వాత నన్ను.
నా మదనపల్లె కన్నడంలో క్షమించమన్నాను.
"విళాస సరి ఇదె, జాగ బేరె," అన్నాడు
పళ్ళ మధ్య గుండుసూది తియ్యకుండానే.

ఇన్నేళ్ళు ఇంగ్లీషులో చదివిన వార్నింగు
మొదటిసారి మనిషి నోట విన్నాను.

జిప్పులన్నీ నా ముందే లెక్కపెట్టాడు, ఒక్కోటీ లాగి చూస్తూ.
నాకు కోపం రాలేదు.
ఎర్రదాన్ని పక్కన పెట్టి
మిషను మీద పరిచిన గుడ్డకి మళ్ళీ సుద్ద పట్టాడు:
ఇక్కడ కత్తెర, ఇక్కడ మడత, ఇక్కడ వద్దు.

కోటు తయారయ్యాక
ఆ గీతలేవీ ఉండవు.